మామిడి తోపులో బుల్లి ఇల్లు: గాలివానకు జరిగిన కేబిన్‌ను నేలకు కట్టిన కేస్ స్టడీ

చంద్రగిరి దాటి కొండల వైపు వెళ్ళే దారిలో, రోడ్డుకు కిలోమీటరు లోపల ఉన్న ఒక మామిడి తోపులో 2022 మే నెలాఖరున ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. మొత్తం మీద పావుగంట కూడా లేదు. తోతాపురి కాయ కోతకు రావడానికి ఇంకా మూడు వారాల పైన ఉండగానే సగం కాయ నేల రాలింది. అదే పావుగంటలో తోపు మధ్యనున్న ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల ఇనుప కేబిన్ తన దిమ్మెల మీద నుంచి తూర్పుకు జరిగి, ఒక మూల కిందికి దిగి, ఒరిగి నిలబడిపోయింది. తోపు యజమాని ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు. ఊళ్ళో అందరూ ఆయనను మాస్టారు అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. గాలి కొట్టినప్పుడు ఆయన లోపలే ఉన్నారు. "కాళ్ళ కింద నేల ఈడ్చినట్టయింది సార్, భూకంపమనుకున్నాను" అని ఆయన చెప్పిన మాట ఈ కేసుకు సంబంధించి నాకు దొరికిన మొదటి ఆధారం. ఎందుకంటే గాలికి ఇల్లు పోవడమంటే చాలామంది రేకులు లేచిపోవడమనే అనుకుంటారు. ఇక్కడ రేకుల కంటే ముందు ఇల్లే కదిలింది.

నేను తిరుపతిలో స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. గత కొన్నేళ్ళుగా మా ప్రాంతంలో తోటల్లో, ఊరి బయటి స్థలాల్లో ఇలాంటి బుల్లి ఇళ్ళు బాగా పెరిగాయి. పఫ్ ప్యానెళ్ళతో (రెండు పలుచని రేకుల నడుమ నురుగు నింపిన పలకలు) కట్టిన కేబిన్లు, పాత షిప్పింగ్ కంటైనర్లను మార్చి చేసిన గదులు, చక్రాల ట్రాలీ మీద కూర్చోబెట్టిన ఒంటి గది ఇళ్ళు, అన్నిటికీ కలిపి ఇప్పుడు టైనీ హౌస్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఇవి ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వస్తాయి, క్రేను దించుతుంది, అదే రోజు సాయంత్రానికి కరెంటు వెలుగుతుంది. ఈ సౌకర్యం వల్లనే పునాది గురించి ఎవరూ ఆలోచించరు. ఇటుక గోడలు, స్లాబు ఉన్న మామూలు ఇల్లు తన బరువుతోనే గాలికి నిలబడుతుంది. బుల్లి ఇంటికి ఆ బరువు లేదు, దానిని నిలబెట్టేది నేలకు వేసిన కట్టు ఒక్కటే. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

చోటు, గాలి

తోపు పడమటి వైపు తెరిచి ఉన్న చిన్న మెట్ట మీద ఉంది. అటు రెండు గుట్టల నడుమ సందు ఉంది. వేసవి సాయంత్రాల్లో మోడం పట్టి గాలి లేస్తే అది ఆ సందులోంచే వస్తుందని తోటమాలి చెప్పాడు. కేబిన్ పొడవాటి గోడను సరిగ్గా ఆ సందుకు ఎదురుగా పెట్టారు, కొండ కనబడుతుందని. కొండ కనబడే చోటికి కొండ గాలి కూడా వస్తుంది. గాలి భారాలకు మనం వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015 కోడ్‌లో నేల తీరును బట్టి గాలి వేగాన్ని పెంచే ఒక గుణకం ఉంది. ఎదురు వాలు మూడు డిగ్రీలు దాటితే దానిని లెక్కలోకి తీసుకోవాలి. గుట్ట అంచున అది గరిష్ఠంగా 1.36 వరకు పోతుంది. సైటులో నిలబడి చుట్టూ చూడకుండా కోడ్ పటంలోని గాలి వేగం ఒక్కటే తీసుకుని లెక్క వేసే అలవాటు ఇక్కడే దెబ్బ కొడుతుంది.

మాకు గాలి రెండు కాలాల్లో వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలు చిన్న చోటులో, కొద్ది నిమిషాలు, ముందస్తు హెచ్చరిక దాదాపు లేకుండా కొడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే తుపానులు రోజుల ముందే కబురు పెట్టి వస్తాయి. తిరుపతి నుంచి సముద్రం సూటిగా చూస్తే సుమారు 90 కిలోమీటర్లు. తీరం దాటాక తుపాను బలహీనపడుతుంది కాబట్టి మా దగ్గర అది గాలి కంటే వానగానే ఎక్కువ తెలుస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట భయపెట్టిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అయితే బుల్లి ఇంటికి ఈ వాన కూడా గాలి సమస్యే. నానిన మట్టి పునాదిని పట్టుకునే బలాన్ని ఎలా తగ్గిస్తుందో కిందికి వచ్చాక చెబుతాను.

నేను చూసినది

గాలివాన జరిగిన మూడో రోజు వెళ్ళాను. కేబిన్‌ను ఆరు చోట్ల సిమెంటు సాలిడ్ బ్లాకులను రెండేసి పేర్చి, వాటి మీద కూర్చోబెట్టారు. బ్లాకుకు బ్లాకుకు మధ్య సిమెంటు లేదు, బ్లాకుకు కేబిన్‌కు మధ్య బోల్టు లేదు. కింద మట్టిని చదును చేసి ఇసుక పోశారు, అంతే. పై బ్లాకుల మీద కేబిన్ అడుగు చానెల్ (అడుగు ఫ్రేములోని ఇనుప కమ్మీ) రాసుకున్న గీత కొత్త బూడిద రంగులో మెరుస్తోంది. కొలిస్తే 14 సెంటీమీటర్లు. ఆగ్నేయం మూల పై బ్లాకు పక్కకు పడిపోయి, ఆ మూల కేబిన్ నేలకు ఆనుకుంది. అది ఆనకపోయి ఉంటే పెట్టె ఇంకా ఎంత దూరం పోయేదో.

పడమటి గోడకు ఆనించి మాస్టారు తర్వాత వేయించుకున్న వసారా ఉండేది. ఆరు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున రేకులు. ఒక అంచు కేబిన్ పైకప్పుకు స్క్రూలతో బిగించి, ఇంకో అంచు మూడు ఇనుప పైపుల మీద నిలిపారు. ఆ పైపులను గుంతలో పాతకుండా నాపరాయి మీద నిలబెట్టారు. రేకులు రెండు చెట్ల అవతల దొరికాయి. వాటి స్క్రూ రంధ్రాలను వేలితో తడిమి చూశాను. ఐదు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం సాగి చింతగింజంత అయింది. స్క్రూలు మాత్రం చానెల్‌లో అలాగే, తలతో సహా నిలిచి ఉన్నాయి. స్క్రూ ఊడిరాలేదు, దాని తల మీదుగా రేకే చిరిగి లేచిపోయింది. తల కింద వెడల్పు వాషరు లేకపోతే ఎప్పుడూ జరిగేది ఇదే.

లెక్క

గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దానిని అదే అంకెతో హెచ్చించి, మళ్ళీ 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఎదురు గోడ మీద నెట్టుడు, వెనక గోడ మీద పీల్పుడు రెండూ ఒకే దిక్కుకు పనిచేస్తాయి. రెంటికీ కలిపి గుణకం 1.2 తీసుకున్నాను. సమతలంగా ఉన్న పైకప్పు మీద గాలి కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. దానికి 0.8 తీసుకున్నాను. వసారా రేకుకు కింద నుంచి నెట్టుడు, పైన పీల్పుడు కలుస్తాయి కాబట్టి 1.5. కేబిన్ గోడ 6.1 మీటర్ల పొడవు, 2.6 మీటర్ల ఎత్తు. తయారీదారు ఇచ్చిన కాగితం ప్రకారం బరువు 1.8 టన్నులు.

ఆ తోపులో గాలి వేగం కొలిచే సాధనం లేదు కనుక లెక్కను వెనక నుంచి వేశాను: ఏ వేగం దగ్గర పెట్టె జరగడం మొదలవ్వాలి? గంటకు 71 కిలోమీటర్ల వేగం దగ్గర పక్కకు నెట్టే బలం సుమారు 450 కిలోలు. అదే క్షణంలో పైకప్పు మీద పీల్పుడు 280 కిలోలు, వసారా రేకు పైకి లాగేది 385 కిలోలు. ఈ రెండూ పోగా బ్లాకుల మీద మిగిలే బరువు 1,135 కిలోలు. ఇనుముకు కాంక్రీటుకు మధ్య రాపిడి ఆ బరువులో నలభై శాతం అనుకుంటే 450 చిల్లర. అంటే సరిగ్గా అక్కడ పెట్టె కదులుతుంది. వసారా లేకపోయి ఉంటే ఆ హద్దు 80 కిలోమీటర్లకు పెరిగేది. పక్కకు జరగకుండా ఆపి, పైకి లేవకుండా మాత్రం పట్టుకోకపోతే, 108 కిలోమీటర్ల దగ్గర మొత్తం పెట్టె పల్టీ కొట్టడానికి సిద్ధమవుతుంది.

ఈ అంకెలను వాతావరణ శాఖ మాటల పక్కన పెట్టి చూస్తే వాటి బరువు తెలుస్తుంది. గాలి గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల మధ్య ఉంటేనే దానిని తుపాను అంటారు, 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను. పైగా ఆ అంకెలు మూడు నిమిషాల సగటు వేగాలు. ఇంటిని కదిలించేది సగటు కాదు, మధ్యలో మూడు సెకన్ల పాటు వచ్చే ఒక్క విసురు. కోడ్‌లోని మూల వేగాలు ఆ మూడు సెకన్ల విసురుకు, పది మీటర్ల ఎత్తులో ఇచ్చినవి. వార్తల్లో 70 అని విని ఇది 70 తట్టుకునే కేబిన్ అని ధైర్యపడితే అది సరైన పోలిక కాదు. ఊరికే దించిపెట్టిన కేబిన్ మామూలు తుపాను మొదటి మెట్టుకే కదులుతుందన్న సంగతి మాస్టారికి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. డిసెంబరులో మనవళ్ళు వచ్చి అందులోనే పడుకుంటారు.

ఏ వేగానికి కట్టాలి అన్నది తర్వాతి ప్రశ్న. కోడ్ ప్రకారం నెల్లూరుకు, చెన్నైకి మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నైని ఏం చేసిందో అక్కడ కూలిన చెట్లను చూసినవారికి తెలుసు. లోపలికి వచ్చేకొద్దీ పటంలో అంకె తగ్గుతుంది. తీరం నుంచి 60 కిలోమీటర్ల పట్టీకి వర్తించే తుపాను గుణకం కూడా తిరుపతికి అంటదు. అయినా ఈ మెట్టకు నేల తీరు గుణకం కలపాలి, రేపు ఈ కేబిన్‌ను ఇంకో చోటికి తీసుకుపోవచ్చు. అందుకని అన్నీ కలిపి 50 మీటర్లనే తుది వేగంగా పెట్టుకున్నాను. ఇంత చిన్న ఇంటికి తక్కువ వేగం తీసుకుంటే మిగిలేది రెండు మూడు సిమెంటు బస్తాలు, అంతకు మించి ఏమీ లేదు.

ఆ వేగానికి చదరపు మీటరు మీద 1,500 న్యూటన్లు, అంటే 150 కిలోల పైచిలుకు. గోడ మీద మొత్తం నెట్టుడు 2.9 టన్నులు. పైకప్పు పీల్పుడు ఒక్కటే 1.8 టన్నులు, అంటే కేబిన్ మొత్తం బరువుతో సమానం. ఈ ఒక్క అంకెను మాస్టారి నోటు పుస్తకంలో పెద్దగా రాసిచ్చాను. భద్రత కోసం గాలి భారానికి ఒకటిన్నర రెట్లు, బరువుకు పది శాతం తరుగు పెట్టి పల్టీ లెక్క వేస్తే, గాలి వచ్చే వైపున్న మూడు దిమ్మెల్లో ఒక్కొక్కటి సుమారు 980 కిలోలను పైకి లేవకుండా పట్టుకోవాలి. గాలి ఏ వైపు నుంచైనా రావచ్చు కాబట్టి ఆరు దిమ్మెలకూ అదే బలం కావాలి.

కాదన్న మార్గాలు

పక్క తోట వాళ్ళు పైన ఇసుక మూటలు వేయమన్నారు. మన పల్లెల్లో రేకుల మీద రాళ్ళు, పాత టైర్లు పెట్టడం మామూలే. యాభై కిలోల మూటలు ఇరవై వేస్తే ఒక టన్ను అవుతుంది, కావలసిన దానికి అది చాలదు. ఎండకు సంచి చీలి ఇసుక కారిపోతుంది, కప్పు కుంగి నీళ్ళు నిలుస్తాయి. రాళ్ళయితే ఇంకా ప్రమాదం, పెద్ద గాలిలో అవే కిందివాళ్ళ మీదికి వస్తాయి. బెంగళూరులో ఉండే కొడుకు చక్రాల చట్రం వేయించి ట్రాలీ మీద పెడదామన్నాడు. చక్రాల ఇల్లు కదలడానికి వీలైనది, అంటే గాలికి కూడా కదలడానికి వీలైనదే. ఎత్తు పెరిగి కింద నుంచి కూడా గాలి దూరుతుంది. టైర్లు, స్ప్రింగుల మీద ఊగే ఇంటిని కట్టాలంటే ముందు చట్రాన్ని జాకీల మీదికి ఎత్తి, ఆ చట్రానికే గొలుసులు వేయాలి, ఇరుసుకు వేస్తే లాభం లేదు. అంత చేసేటప్పుడు దిమ్మెలే నయం. నాలుగు మూలల నుంచి ఉక్కు తీగలు లాగి భూమిలో మేకులు దిగ్గొట్టడం మంచి పద్ధతే, పునాది పూర్తయ్యే వరకు రెండు నెలలు అలాగే కట్టి ఉంచాం కూడా. శాశ్వతంగా ఉంచితే ట్రాక్టరు తిరిగే తోపులో అవి ఎప్పటికైనా తెగుతాయి.

దిమ్మెలు, బోల్టులు

చివరికి ఎంచుకున్నది ఆరు కాంక్రీటు దిమ్మెలు. ఒక్కొక్కదానికి 1.2 మీటర్ల లోతు గుంత, అడుగున 90 సెంటీమీటర్ల చదరం, 30 సెంటీమీటర్ల మందం గల పాదం, దాని మీద 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం నేల పైన 45 సెంటీమీటర్ల దాకా. ఎం20 కాంక్రీటు. పాదంలో 10 మిల్లీమీటర్ల కడ్డీల జాలి, స్తంభంలో నాలుగు 12 మిల్లీమీటర్ల కడ్డీలు. ఆ కడ్డీల అడుగు కొసలను వంచి పాదం జాలి కిందుగా పోనిచ్చాం. స్తంభం కడ్డీ పాదంలో ఊరికే నిలబడి ఉంటే కిందికి నొక్కే బరువును మోస్తుంది గాని పైకి లాగే బలాన్ని మోయదు, స్తంభం పంటి మాదిరి ఊడి వస్తుంది. మామూలు ఇళ్ళకు అలవాటు పడిన మేస్త్రీలకు ఈ తేడా ఎదురుగా నిలబడి చెప్పాల్సిందే. వాళ్ళు జీవితమంతా కిందికి దిగే బరువుకే పునాదులు వేసినవాళ్ళు.

"ఏం సార్, పెట్టె ఇంత ఉంది, దీనికి ఇన్ని గుంతలా?" అని మేస్త్రీ మొదటి రోజు అడిగాడు. "పెట్టె తేలిక కాబట్టే గుంతలు, మేస్త్రీ. బరువున్నదైతే తవ్వే పని ఉండేది కాదు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే పెళ్ళి పందిలి గుంజ మాదిరి, మోయడానికి కాదు, పట్టుకోడానికి" అన్నాడు. ఇంజినీరింగ్ పుస్తకంలో ఉండే ఏ వాక్యం కంటే ఆ మాట నాకు సరిగ్గా అనిపించింది. ఆ తర్వాత ఆయనకు ఏదీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

పాదం మీద తిరిగి పోసి, పొర పొరగా దిమ్మిస చేసిన మట్టే ఇక్కడ అసలు బరువు. కాంక్రీటు బరువు, పాదం నెత్తిన నిలిచిన మట్టి బరువు కలిపితే ఒక్కో దిమ్మె రెండు టన్నులను పట్టుకుంటుంది. కావలసింది 980 కిలోలే కదా, రెట్టింపు ఎందుకని మాస్టారు అడిగారు. 2021 నవంబరును గుర్తు చేశాను. గుంత నిండా నీళ్ళు నిలిచి మట్టి పూర్తిగా నానితే, నీటిలో మునిగిన వస్తువు తేలికైనట్టే కాంక్రీటు, మట్టి రెండూ తేలికవుతాయి. ఆ స్థితిలో లెక్క వేస్తే అదే దిమ్మె పట్టు 1,030 కిలోల దగ్గరికి దిగిపోతుంది. అంటే అవసరానికి ఒక యాభై కిలోలు పైన. తుపానులో గాలి, నీళ్ళు కలిసే వస్తాయి కాబట్టి పొడి మట్టి లెక్కను నేను ఎప్పుడూ నమ్మను. పోసిన మట్టిని దిమ్మిస చేయకుండా వదిలేస్తే ఈ లెక్క అంతా కాగితం మీదే మిగులుతుంది. అందుకే అడుగడుగుకూ తడిపి కుదించే పని జరిగిన రెండు రోజులూ నేను సైటులోనే ఉన్నాను.

ప్రతి దిమ్మె తల మీద 16 మిల్లీమీటర్ల బోల్టులు రెండు. ఒక్క బోల్టే నాలుగు టన్నుల పైన లాగినా తెగదు కాబట్టి ఈ వరుసలో బోల్టు ఎప్పుడూ బలహీనమైన లంకె కాదు. బలహీనమైన లంకె దానికి పైన దొరికింది. అడుగు చానెల్‌కు బోల్టు పలకలు వెల్డింగు చేయడానికి లోపలి స్కర్టింగు తీయించినప్పుడు, మూల కమ్మీలు అడుగు ఫ్రేముకు ఎలా కలిశాయో కనబడింది. ఒక్కో కమ్మీకి రెండు చుక్కల వెల్డింగు. లారీ మీద రవాణాకు సరిపడా ట్యాకింగ్ చేసి, దాని మీద రంగు వేసి, స్కర్టింగుతో కప్పేశారు. దీన్ని చూడకుండా కింద దిమ్మెలు వేసి బోల్టులు బిగించి వచ్చేసి ఉంటే, పెద్ద గాలిలో అడుగు ఫ్రేము దిమ్మెలకు అతుక్కుని నిలబడేది, పైపెట్టె మాత్రం లేచిపోయేది. గాలి బలం పైకప్పు మీద పుట్టి రేకు, స్క్రూ, పైకమ్మీ, మూల కమ్మీ, అడుగు చానెల్, బోల్టు, దిమ్మె, మట్టి, ఇంత దూరం దిగి రావాలి. ఎక్కడ ఒక్క లంకె తెగినా మిగిలినవన్నీ ఎంత గట్టిగా ఉన్నా ఉపయోగం లేదు. తిరుపతి నుంచి వెల్డరును పిలిపించి అన్ని కమ్మీలకూ చుట్టూ నిండు వెల్డింగు, ప్రతి మూలకు 6 మిల్లీమీటర్ల మందం త్రికోణపు పలక వేయించాం. ఆ పని ఒక రోజున్నర పట్టింది. ఈ మొత్తం కేసులో ఇంటిని కాపాడే పని ఏదైనా ఉందంటే అది ఆ రోజున్నరే అని నా అభిప్రాయం.

పలకలకు పెద్ద వాషర్లు, ఒక్కో బోల్టుకు రెండేసి నట్లు. రేపు కేబిన్‌ను కదిలించాలంటే పన్నెండు బోల్టుల నట్లు విప్పి క్రేను పిలిస్తే చాలు, దిమ్మెలు మాత్రం ఇక్కడే ఉండిపోతాయి. దీని అంతటికీ అయిన ఖర్చు కేబిన్ కొన్న ధరలో పదో వంతు కన్నా కొంచెం ఎక్కువ.

కప్పు, తలుపులు, వసారా

వేడికి తట్టుకోలేక పైన ఇంకో వాలు కప్పు వేయించాలని మాస్టారి కోరిక. రేకుల షాపువాళ్ళు పది డిగ్రీల వాలు చెప్పారట. గాలికి అన్నిటికంటే చెడ్డ వాలు అదే. ఈ కేబిన్ ఎత్తు వెడల్పుల నిష్పత్తికి కోడ్ చూపే ఎదురు వాలు పీల్పుడు సమతలంగా ఉంటే 0.8, పది డిగ్రీలకు 1.1, ముప్ఫై డిగ్రీలకు వచ్చేసరికి 0.2. వేస్తే ముప్ఫై దగ్గర నాలుగు వైపులా వాలు పెట్టి వేయాలి, లేకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలి. తెల్లటి కూల్ పెయింటుతో సరిపెట్టుకున్నారు. ఉన్న కప్పు ప్యానెళ్ళకు అంచుల వెంబడి, ముఖ్యంగా నాలుగు మూలల్లో, స్క్రూల సంఖ్య రెట్టింపు చేసి, అన్నిటికీ రబ్బరు పొర గల వెడల్పు వాషర్లు వేయించాను. గాలి కప్పును అంచున, మూలన పట్టుకుని విప్పుతుంది, నడుమ కాదు.

కిటికీ గురించి ఒక అపోహ బలంగా ఉంది. గాలి ఎక్కువైనప్పుడు ఎదురు కిటికీ తెరిచి పెడితే లోపలి ఒత్తిడి సమానమవుతుందని మాస్టారు కూడా నమ్మారు. జరిగేది దీనికి తలకిందులు. అన్నీ మూసి ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి గుణకం 0.2, ఎదురు గోడలో పెద్ద తెరుపు ఏర్పడితే 0.7. పైన పీల్పుడు 0.8 ఉండగా కప్పు ప్యానెల్ మీద మొత్తం 1.0 నుంచి 1.5కు పెరుగుతుంది. కిటికీ తెరవడమైనా, అద్దం పగలడమైనా కప్పుకు ఒకటే. పడమటి స్లైడింగు కిటికీకి బయట ఇనుప రెక్కలు పెట్టించి, తలుపుకు పైనా కిందా గడియలు వేయించాం. లెక్క తెలిసినవారికి ఒక మాట: ఈ లోపలి ఒత్తిడి కేబిన్ లోపలి నేలను కూడా అంతే బలంతో కిందికి నొక్కుతుంది కాబట్టి మొత్తం పెట్టె పల్టీ లెక్కలో అది కొట్టుకుపోతుంది, కప్పు స్క్రూల లెక్కలో మాత్రం కొట్టుకుపోదు.

వసారాను మళ్ళీ వేయించారు, కానీ కేబిన్‌కు రెండంగుళాల ఎడంతో, తన సొంత గుంజలు, సొంత గుంతలతో. మధ్య సందుకు వంచిన రేకు మాత్రం కప్పాం. పెద్ద గాలికి వసారా పోతే పోనీ, పోయేటప్పుడు ఇంటిని లాక్కుపోకూడదు.

పడమటి హద్దున ఉన్న మామిడి వరుసను కొట్టించవద్దన్నాను. గాలిని పూర్తిగా ఆపే గోడ కంటే కొంత వదిలి కొంత ఆపే చెట్ల వరుసే మేలు, గోడ వెనక గాలి సుడులు తిరుగుతుంది. కేబిన్‌కు ఆనుకుని ఉన్న ఒక ఎండు కొమ్మను మాత్రం తీయించాం. ఐదు వందల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే చిన్న గాలికే ఎగురుతుంది, నిండితే అర టన్ను. తుపాను కబురు రాగానే ట్యాంకు నింపమని మాస్టారి ఇంటావిడకు చెప్పాను. "అది మాకు ఎప్పుడూ అలవాటే కదా నాయనా, తుపానులో కరెంటు ఉండదు" అన్నారు ఆమె.

తర్వాతి రెండు శీతాకాలాలు

పనులు 2022 సెప్టెంబరుకు ముగిశాయి. డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మామల్లపురం దగ్గర తీరం దాటింది. మా వైపు కుండపోత వాన, ఈదురుగాలులు. 12న వెళ్ళి చూశాను. కేబిన్ వెంట్రుకవాసి కదల్లేదు, కప్పు స్క్రూల వరుస చెక్కు చెదరలేదు. ఉత్తరం వైపు కిటికీ కింద నుంచి మాత్రం నీళ్ళు లోపలికి కొట్టాయి, అక్కడ సీలెంటు మార్చాం. వాయువ్యం దిమ్మె చుట్టూ పోసిన మట్టి మూడు అంగుళాలు కుంగింది, అంటే అక్కడ మా దిమ్మిస సరిగా పడలేదన్నమాట. మళ్ళీ మట్టి పోసి కుదించాం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మా తీరం పక్కగానే పోయింది, అప్పుడు కూడా ఇంటికి ఏమీ కాలేదు.

దీన్ని నా లెక్క నిజమైందనడానికి రుజువుగా నేను చూపను. ఆ రెండు తుపానుల్లోనూ తోపుకు వచ్చిన గాలి 180 కిలోమీటర్ల దరిదాపుల్లోకి కూడా రాలేదు. రుజువైంది ఒక్కటే, అంతకు ముందు మే నెల గాలివానకు 14 సెంటీమీటర్లు జరిగిన పెట్టె అలాంటి గాలికి ఇప్పుడు జరగడం లేదు. 2024 మే నెలలో ఒక సాయంత్రం పడమటి సందులోంచి మళ్ళీ అలాంటి గాలే వచ్చిందని, తోపులో రెండు కొమ్మలు విరిగాయని, తాము లోపల కూర్చుని అన్నం తింటున్నామని మాస్టారు ఫోనులో చెప్పారు.

ఏడాదికి ఒకసారి, అక్టోబరులో వానలు పట్టక ముందు, నట్లు చూడాలన్నది మా ఒప్పందం. ఇనుము ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, గాలికి అదురుతుంది. బిగించిన నట్టు ఎప్పటికీ బిగువుగా ఉంటుందనుకోకూడదు. అందుకని పన్నెండు బోల్టులకూ నట్టు మీద నుంచి పలక మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీసి వచ్చాను. నట్టు తిరిగితే గీత విరుగుతుంది, చూడటానికి ఇంజినీరు అక్కర్లేదు. కిందటిసారి వెళ్ళేసరికి తలుపు పక్కన మేకుకు 24 నంబరు స్పానరు వేలాడుతోంది. మాస్టారు నాకంటే ముందే టార్చిలైటుతో కేబిన్ కింద వంగి చూసేశారు. పదకొండు గీతలు సరిగా ఉన్నాయి. ఆగ్నేయం మూల, అంటే మొదట బ్లాకు పడిపోయిన మూలనే, ఒక గీత పావు చుట్టు తిరిగింది. నట్టు విప్పి, తుప్పు గీకి, గ్రీజు రాసి, మళ్ళీ బిగించి, తెల్ల గీత కొత్తగా గీశాం.